మందు కాదనుకున్న క్యాప్సూల్: పసుపు సారం, పైపరిన్, ఒక కామెర్ల కేసు

రోగి 52 ఏళ్ల మహిళ. రెండు మోకాళ్లలో అరుగుదల ఉంది. ఆరేళ్లుగా బీపీకి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ (స్టాటిన్ రకం మందు) 10 మిల్లీగ్రాములు వాడుతున్నారు. ఆ ఆరేళ్లలో మాత్ర గానీ మోతాదు గానీ మారలేదు. మద్యం ముట్టరు, షుగర్ లేదు, ఇంతకుముందు కామెర్లు వచ్చిందీ లేదు. ఈసారి జబ్బు నీరసంతో మొదలైంది. తర్వాత తిండి సయించలేదు, వికారం పట్టుకుంది, కుడి పక్కటెముకల కింద బరువుగా అనిపించింది. రెండో వారానికి మూత్రం ముదురు రంగుకు తిరిగి కళ్లు పచ్చబడ్డాయి. మొదట చూసిన వైద్యులు రక్తపరీక్షలు చేయించి, స్టాటిన్ ఆపించి, ‘స్టాటిన్ వల్ల వచ్చిన హెపటైటిస్ కావచ్చు’ అని రాసి మా లివర్ విభాగానికి పంపారు.

చేరిన రోజు, కాలేయ కణాలు పగిలితే రక్తంలో పెరిగే ఎంజైములైన ఏఎల్‌టీ 1,420, ఏఎస్‌టీ 1,080. ఈ రెండూ మామూలుగా 40 దాటకూడదు. పిత్తనాళాల్లో ఇబ్బంది ఉంటే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168, దాని పై హద్దు 120. కామెర్ల పచ్చదనానికి కారణమైన బిలిరుబిన్ 9.6, అందులో కాలేయం అప్పటికే మార్చిన (డైరెక్ట్) భాగం 7.1. కాలేయం తయారుచేసే ప్రోటీన్ అల్బుమిన్ 3.8, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ (పెరిగితే ఆలస్యంగా గడ్డకడుతున్నట్టు) 1.3. పూర్తి స్పృహలో ఉన్నారు, అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెబుతున్నారు. చేతులు చాచి మణికట్లు పైకెత్తి ఉంచమంటే ఉంచగలిగారు, కొట్టుకోలేదు (లివర్ దెబ్బ ప్రభావం మెదడుకు చేరితే అవి కొట్టుకుంటాయి). పొట్టలో నీరు లేదు.

మందుల వల్ల లివర్ దెబ్బతిందన్న అనుమానం వస్తే మేం ముందుగా వేసే లెక్క ఒకటుంది. ఏఎల్‌టీ తన హద్దుకు ఎన్ని రెట్లుందో, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తన హద్దుకు ఎన్ని రెట్లుందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. దాన్నే ఆర్ విలువ అంటాం. ఇక్కడ 35.5ను 1.4తో భాగిస్తే 25 పైచిలుకు వస్తుంది. 5 దాటితే దెబ్బ నేరుగా కాలేయ కణాలకే తగిలినట్టు. 2 లోపు ఉంటే పిత్తం పారే దారుల్లో ఇబ్బంది. ఈమెది మొదటి రకమని అనుమానం లేకుండా తేలింది. కణాలకు దెబ్బ తగిలి దానితోపాటు కామెర్లు కూడా వస్తే పరిస్థితిని తేలిగ్గా తీసుకోకూడదని హైమన్ జిమ్మర్‌మన్ ఎప్పుడో చెప్పారు. ఆయన పేరు మీదే దాన్ని ‘హైస్ లా’ అంటున్నాం. ఏఎల్‌టీ మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, అందుకు వేరే కారణం కనబడకపోతే, అలాంటివారిలో సుమారు పది మందిలో ఒకరికి ప్రాణాపాయమో, లివర్ మార్పిడి అవసరమో ఏర్పడుతుంది. అందుకే చేరిన రోజే మార్పిడి చేసే కేంద్రానికి ఈ కేసు గురించి చెప్పి ఉంచాం.

అసలు సమాధానం ఎలా బయటపడింది

కేస్ షీట్‌లో ‘ఇతర మందులు’ అన్న గడిలో అప్పటికే రెండు చోట్ల, రెండు వేర్వేరు చేతిరాతల్లో ‘లేవు’ అని ఉంది. రోగి అబద్ధం చెప్పలేదు. “ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?” అని అడిగితే “ఈ రెండే” అన్నారు. ఆమె దృష్టిలో అది నిజమే.

మా వార్డులో పనిచేసే క్లినికల్ ఫార్మసిస్ట్ ఆ ప్రశ్నను మార్చి అడిగారు. “మోకాళ్ల నొప్పులకు ఏం చేస్తున్నారమ్మా?”

“పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటున్నానండి. అవి మందులు కావు కదా, పసుపే.”

“ఎప్పటి నుంచి?”

“పసుపువి ఏడాది పైనుంచీ వాడుతున్నా. ఇప్పుడు వేసుకునేవి వేరే రకం. ఇవైతే ఒంటికి బాగా పడతాయని మార్చాను.”

ఈ కేసుకు తాళంచెవి ఆ చివరి మాటలోనే ఉంది. అబ్బాయి చేత ఇంట్లో ఉన్న రెండు సీసాలూ తెప్పించాం. పాత సీసాలోవి పసుపు సారం క్యాప్సూల్స్, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు. కొత్త సీసాలోనూ అదే సారం, అదే మోతాదు. 95 శాతం కర్క్యుమినాయిడ్లు (పసుపులోని క్రియాశీల పదార్థాలు, వాటిలో ముఖ్యమైనది కర్క్యుమిన్) ఉండేలా ప్రామాణికం చేసినట్టు రెండింటి లేబుళ్ల మీదా రాసుంది. తేడా ఒక్క వరుసలోనే ఉంది. కొత్తదానిలో మిరియాల నుంచి తీసిన పైపరిన్ 5 మిల్లీగ్రాములు అదనం. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేవారు. కొత్త సీసా మొదలుపెట్టిన సుమారు పది వారాలకు నీరసం మొదలైంది. క్యాప్సూల్స్ ఆ రోజే ఆపించాం.

తోసిపుచ్చినవి

మందు వల్ల వచ్చిన హెపటైటిస్‌ను నేరుగా నిరూపించే పరీక్ష ఏదీ లేదు. మిగతా కారణాలన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు తీయగా మిగిలేదే అది. హెపటైటిస్ ఎ, బి, సి పరీక్షలు నెగెటివ్. సి విషయంలో యాంటీబాడీతో సరిపెట్టుకోకుండా వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ కూడా చూశాం, ఎందుకంటే కొత్తగా సోకినప్పుడు యాంటీబాడీ ఆలస్యంగా కనబడుతుంది. హెపటైటిస్ ఇ విషయంలో మరీ జాగ్రత్త పడాలి. మందుల ఖాతాలో వేసిన కేసులను తర్వాత తిరగేసి చూస్తే కొన్ని ఇ వైరస్‌వని తేలిన ఉదాహరణలున్నాయి. ఇక్కడ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు కనబడే యాంటీబాడీ), ఆర్‌ఎన్‌ఏ రెండూ నెగెటివ్. సీఎంవీ, ఈబీవీ అనే వైరస్‌లూ లేవు. అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళాలు ఉబ్బలేదు, డాప్లర్‌లో కాలేయ సిరలు తెరుచుకునే ఉన్నాయి. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు కోసం చూసే సెరులోప్లాస్మిన్ మామూలే. స్టాటిన్ వల్ల కండరాలు దెబ్బతిన్నాయేమోనని సీకే అనే కండర ఎంజైమును చూస్తే అదీ మామూలే.

రెండు ఫలితాలు మాత్రం చిక్కు తెచ్చాయి. సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీల కోసం చేసే ఏఎన్‌ఏ పరీక్ష 1:80 దగ్గర పాజిటివ్. ఐజీజీ అనే యాంటీబాడీల స్థాయి 1,720, పై హద్దుకు కొంచెం మించి ఉంది. యాభై దాటిన మహిళలో ఈ రెండూ కలిసి కనబడితే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే జబ్బు) గుర్తుకు రాకుండా ఉండదు. అది నిజమైతే స్టెరాయిడ్లు మొదలుపెట్టాలి, బహుశా ఏళ్ల తరబడి వాడాలి. కాకపోతే ఆ స్టెరాయిడ్లు ఊరికే ఇచ్చినట్టవుతుంది. పైగా, తనంతట తాను తగ్గే జబ్బు స్టెరాయిడ్ వల్లే తగ్గిందని అనుకుని, రోగికి జీవితాంతం తప్పుడు ముద్ర వేసినట్టవుతుంది.

బయాప్సీ, ఆ తర్వాతి వారం

మొదటి వారంలో ఏఎల్‌టీ దిగుతూ వచ్చింది, బిలిరుబిన్ మాత్రం ఎక్కుతూనే ఉంది. ఏఎల్‌టీ దిగిందని సంబరపడటానికి లేదు. మందు ఆగి కణాలు కోలుకుంటున్నా అది దిగుతుంది, పగలడానికి కణాలే మిగలకపోయినా దిగుతుంది. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో చెప్పేవి ఐఎన్‌ఆర్, రోగి స్పృహ. ఐఎన్‌ఆర్ 1.6కు చేరింది. స్పృహలో ఏ మార్పూ లేదు. ఐఎన్‌ఆర్ 1.5 దాటడంతో పాటు మత్తు, తికమక లాంటివి వస్తే అది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్. మత్తు లేనంతవరకు దాన్ని తీవ్రమైన లివర్ గాయమే అనాలి. కాగితం మీద ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు మాత్రం ప్రతి కొన్ని గంటలకూ వెళ్లి ఆమెను మాటల్లో పెట్టడానికి కారణం ఆ తేడాయే.

పారాసిటమాల్ విషానికి విరుగుడుగా వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇవ్వాలా అన్న చర్చ వచ్చింది. పారాసిటమాల్ వల్ల కాని లివర్ ఫెయిల్యూర్‌లో దీన్ని పరీక్షించిన 2009 నాటి అధ్యయనంలో, మత్తు తొలి దశల్లో ఉన్నవారిలో మార్పిడి లేకుండా బతికినవారు 52 శాతం. మందు ఇవ్వని గుంపులో 30 శాతం. మత్తు ముదిరాక ప్రయోజనం కనబడలేదు. అసలు మత్తే లేని ఈమెలాంటివారి గురించి ఆ అధ్యయనం చెప్పేది ఏమీ లేదు. ఇస్తే పెద్ద హాని లేదు, అందుకే చాలామంది ఇస్తారు. మేం ఇవ్వలేదు. స్పృహలో రవ్వంత తేడా కనిపించినా వెంటనే మొదలుపెట్టాలని షీట్ మీద రాసి ఉంచాం.

ఐఎన్‌ఆర్ అలా ఉన్నప్పుడు పక్కటెముకల మధ్య నుంచి సూది వేస్తే రక్తస్రావం భయం. అందుకని మెడ సిరలోంచి గొట్టం పంపి బయాప్సీ తీయించాం. ముక్కలో కనిపించింది ఇది: లోబ్యూల్ (కాలేయ కణజాలపు చిన్న విభాగం) అంతటా వాపు, మధ్య సిర చుట్టూ కణాలు చచ్చిన పట్టీలు, రక్తనాళాలు, పిత్తనాళాలు ఉండే పోర్టల్ భాగాల్లో లింఫోసైట్లతో పాటు ఇయోసినోఫిల్స్ (అలర్జీ తరహా ప్రతిచర్యల్లో కనిపించే తెల్లకణాలు). ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో గుంపులుగా కనిపించే ప్లాస్మా కణాలు అక్కడక్కడా ఉన్నాయి కానీ గుంపులుగా లేవు. ఫైబ్రోసిస్, అంటే మచ్చ కట్టడం, లేదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ చాలాకాలంగా లోపల రగులుతూ ఇప్పుడు బయటపడి ఉంటే ఎంతో కొంత మచ్చ ఏర్పడి ఉండాలి. లేదు కాబట్టి మా మొగ్గు మందు వైపు తిరిగింది. అయినా ఈ చిత్రం ఒక్కదానితో తీర్పు చెప్పడం కుదరదని పాథాలజిస్ట్ తన రిపోర్టులోనే రాశారు. రిపోర్టులో ఎక్కువ విలువైన వాక్యం అదేనని నా అభిప్రాయం.

స్టెరాయిడ్ ఇవ్వకుండా ఇంకొన్ని రోజులు ఆగాలని నిర్ణయించాం. ఎనిమిదో రోజు ఏఎల్‌టీ 610. రెండో వారంలో బిలిరుబిన్ 14.2 దాకా వెళ్లి అక్కడ ఆగింది. ఐఎన్‌ఆర్ 1.4కు దిగింది. దురద విపరీతంగా వచ్చింది. నిజానికి ఆమెను ఎక్కువ బాధపెట్టింది కామెర్ల కన్నా అదే. కొలెస్టిరమిన్‌తో కొంత ఉపశమనం దొరికింది. మూడో వారంలో బిలిరుబిన్ సగానికి పడ్డాక ఇంటికి పంపాం.

మార్కుల లెక్క

ఒక మందు ఎంతవరకు దోషో తేల్చడానికి రూకామ్ అనే మార్కుల పద్ధతి ఉంది. 1993లో వచ్చింది, 2016లో సవరించారు. పసుపు క్యాప్సూల్‌కు అందులో పడ్డ మార్కులివి. మొదలుపెట్టిన 5 నుంచి 90 రోజుల మధ్య జబ్బు వచ్చినందుకు 2. ఆపిన ఎనిమిది రోజుల్లో ఏఎల్‌టీ సగానికి పైగా దిగినందుకు 3. వయసు 55 లోపు, మద్యం లేదు కాబట్టి అక్కడ సున్నా. మిగతా కారణాలన్నీ తోసిపుచ్చినందుకు 2. ఇది లివర్‌ను దెబ్బతీస్తుందని ఇప్పటికే ప్రచురణల్లో ఉన్నందుకు 1. లివర్‌పై ప్రభావం చూపగల మరో మందు, అంటే స్టాటిన్, అదే సమయంలో వాడుతున్నందుకు 2 మార్కుల కోత. మొత్తం 6, అంటే ‘చాలావరకు ఇదే’ అనే వర్గం.

స్టాటిన్ మీద అనుమానం సహజమే, తప్పుపట్టను. కానీ ఆరేళ్లు ఒకే మోతాదులో పడుతున్న మందు ఉన్నట్టుండి 1,400 ఏఎల్‌టీ తెప్పించడం అరుదు. ఇంకో కోణం కూడా ఉంది. పైపరిన్ సీవైపీ3ఏ4 అనే ఎంజైమును, పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపును అడ్డుకుంటుంది. అటోర్వాస్టాటిన్ విరిగేది ఆ ఎంజైము దగ్గరే. అంటే కొత్త క్యాప్సూల్ పాత స్టాటిన్‌ను కూడా కొత్త మోతాదుగా మార్చి ఉండవచ్చు. ఈ అనుమానాన్ని తీర్చడానికి ఉన్న మార్గం ఒక్కటే. ఏఎల్‌టీ పూర్తిగా మామూలై కొన్ని వారాలు గడిచాక అటోర్వాస్టాటిన్‌ను అదే మోతాదులో తిరిగి మొదలుపెట్టి, దగ్గరగా పరీక్షలు చేస్తూ వచ్చాం. ఏఎల్‌టీ కదల్లేదు. ఆ కోసిన 2 మార్కులు తిరిగి ఇస్తే 8 అవుతుంది. గుండె జబ్బు ముప్పు ఉన్న మనిషికి స్టాటిన్‌ను ఒక అనుమానంతో శాశ్వతంగా దూరం చేయడం కూడా హానే కాబట్టి, ఈ అడుగు మార్కుల కోసం మాత్రమే వేసింది కాదు.

పసుపు క్యాప్సూల్‌ను తిరిగి ఇచ్చి చూడలేదు. ఇంత తీవ్రంగా వచ్చినవారిలో అలా ఎన్నడూ చేయకూడదు.

సీసాలో నిజంగా ఏముంది

కీళ్ల నొప్పులకని వచ్చే మూలికా ఉత్పత్తుల్లో లేబుల్ మీద చెప్పని డైక్లోఫెనాక్, నిమెసులైడ్, స్టెరాయిడ్లు దొరకడం మా వృత్తిలో కొత్త విషయం కాదు. వాటిలో మొదటి రెండూ లివర్‌ను దెబ్బతీయగలవు. పసుపులోనైతే రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్ భయం కూడా ఉంది. అందువల్ల రెండు సీసాల్లోంచీ క్యాప్సూల్స్ విశ్లేషణకు పంపాం. కల్తీ ఏదీ లేదు. సీసం హద్దులోనే ఉంది. కర్క్యుమినాయిడ్లు లేబుల్ చెప్పినంతకు దగ్గరగానే ఉన్నాయి. కొత్త సీసాలో పైపరిన్ ఉంది, పాతదానిలో లేదు.

మరోలా చెప్పాలంటే ఇది మోసపు సరుకు కాదు, నిజాయితీగా తయారైన ఉత్పత్తి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ సంగతే. కల్తీ దొరికి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

ఒంటికి పట్టించడం అంటే

పసుపు పొడిలో కర్క్యుమినాయిడ్లు బరువులో సుమారు 3 శాతం. ఈమె రోజుకు తీసుకున్నది 950 మిల్లీగ్రాముల కర్క్యుమినాయిడ్లు. అంత రావాలంటే దాదాపు 30 గ్రాముల పొడి కావాలి, అదీ రోజూ. ఆహారంలో కలిపే రంగుగా కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా నిర్ణయించిన రోజువారీ హద్దు శరీర బరువులో కిలోకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180. ఆమె తీసుకున్నది దానికి అయిదు రెట్లకు పైన.

అయినా మొదటి ఏడాది ఏమీ కాలేదు. ఎందుకంటే కర్క్యుమిన్ మింగినంత మాత్రాన రక్తంలోకి చేరదు. నీటిలో కరగదు. పేగు గోడ దాటిన కాస్త భాగాన్ని కూడా పేగు, కాలేయం కలిసి నీటిలో తేలిగ్గా కరిగే గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మార్చి బయటికి పంపేస్తాయి. ఎక్కువ మోతాదులు ఇచ్చినా రక్తంలో దాన్ని వెతుక్కోవలసి వచ్చేది. ‘కర్క్యుమిన్ ఎంత తీసుకున్నా సురక్షితం’ అన్న పేరు ఆ రోజుల నాటిదే. లోపలికి చేరని పదార్థానికి వచ్చిన మంచిపేరు అది.

1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూశారు. రక్తానికి అందిన కర్క్యుమిన్ 2,000 శాతం పెరిగింది. ఎలుకల్లో 154 శాతమే. గ్లూకురోనైడ్ తగిలించే ఎంజైములను పైపరిన్ ఆపేస్తుంది, అంటే శరీరం పెట్టుకున్న కాపలాను పక్కకు తప్పిస్తుంది. ఆ ఒక్క అధ్యయనం మీద ఆ తర్వాత పెద్ద పరిశ్రమే నడిచింది. ఫాస్ఫోలిపిడ్‌తో కలిపినవి, మైసెల్‌లో పెట్టినవి, నానో కణాలుగా మార్చినవి, ఇలా ‘బాగా ఒంటికి పట్టే’ రకాలు వరుసగా వచ్చాయి.

నేను ఈ కేసు రాయడానికి కారణం ఇక్కడే ఉంది. ఒక పదార్థం రక్తానికి ఎన్నో రెట్లు ఎక్కువగా అందేలా మారిస్తే అది కొత్త మందు. పాతదాని భద్రతా చరిత్ర దానికి వర్తించదు. రసాయన మందుల విషయంలో మనం ఈ నియమాన్ని మారు మాట లేకుండా పాటిస్తాం. మాత్ర తయారీ విధానం మారి రక్తంలో స్థాయి అంతలా పెరిగితే కొత్త మోతాదు, కొత్త పరీక్షలు అడుగుతాం. మూలికల దగ్గరికి వచ్చేసరికి అదే మార్పును లేబుల్ మీద గొప్పగా అచ్చు వేస్తారు, చదివినవాళ్లు అది మెరుగైన సరుకు అనుకుంటారు.

పైపరినే దోషి అని మాత్రం నేను అనడం లేదు. అమెరికాలో మందుల వల్ల వచ్చే లివర్ గాయాలను నమోదు చేసే డైలిన్ నెట్‌వర్క్ 2004 నుంచి 2022 వరకు ఉన్న తన కేసుల్లో పసుపుకు ముడిపడినవి పది గుర్తించింది. పదీ 2011 నుంచి నమోదైనవే, ఆరు 2017 నుంచి నమోదైనవి. ఎనిమిది మంది మహిళలు. తొమ్మిది మందిలో దెబ్బ కాలేయ కణాలకే తగిలింది. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పరీక్షకు దొరికిన ఏడు ఉత్పత్తుల్లోనూ పసుపు ఉంది, పైపరిన్ మాత్రం మూడింటిలోనే. కాబట్టి పైపరిన్ లేకుండానూ ఇది వస్తుంది. ఇటలీ 2019లోనే, ఆస్ట్రేలియా 2023లో అధికారికంగా హెచ్చరికలు చేశాయి.

జన్యువు

ఆ పది మందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే జన్యురూపం ఉంది. ఇద్దరికైతే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వచ్చింది. మా రోగికి చేయించాం, పాజిటివ్, ఒక ప్రతి.

ఈ జన్యురూపం పేరు ముందే విన్నాం. గ్రీన్ టీ సారం వల్ల లివర్ దెబ్బతిన్నవారిలో 72 శాతం మందికి అది ఉంది. మామూలు జనంలో 11 శాతం. చైనా వైద్యంలో వాడే హె షౌ వు అనే వేరు విషయంలోనూ అదే బయటపడింది. ఒకదానికొకటి సంబంధం లేని మొక్కలు, అన్నిటికీ ఒకటే జన్యురూపం. ఈ మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు, లేదా అవి విరిగినప్పుడు పుట్టే ముక్కలు కాలేయ కణాల్లోని ప్రోటీన్లకు అంటుకుంటాయని, ఆ మారిన ప్రోటీన్‌ను ఈ హెచ్‌ఎల్‌ఏ రోగనిరోధక కణాలకు పట్టి చూపిస్తుందని, అవి తమ కాలేయం మీదే తిరగబడతాయని ఒక ఊహ. మా రోగి బయాప్సీలోని ఇయోసినోఫిల్స్, పది వారాల వ్యవధి, ఏఎన్‌ఏ అన్నీ ఆ ఊహకు సరిపోతాయి. రక్తంలోకి ఎక్కువ కర్క్యుమిన్ చేరితే చూపించడానికి సరుకు ఎక్కువ ఉంటుంది. ఏడాది పాటు ఏమీ కానిది పైపరిన్ తోడయ్యాక జరగడాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా. ఒక్క రోగితో ఇది రుజువు కాదు.

అయితే క్యాప్సూల్ వాడే ముందు అందరికీ ఈ జన్యుపరీక్ష చేయాలా? అక్కర్లేదు. అది ఉన్నవారిలోనూ అత్యధికులకు ఏమీ కాదు. పది మందిలో ముగ్గురికి అది లేకపోయినా జబ్బు వచ్చింది. కేసు వచ్చాక నిర్ధారణకు ఊతంగా పనికొస్తుంది, అంతే.

నొప్పికి పనిచేస్తుందా మరి

ఆమె ఏదో మూఢనమ్మకంతో వాడలేదు. మోకాలి అరుగుదలపై పసుపు సారంతో జరిగిన ప్రయోగాలున్నాయి. థాయ్‌లాండ్‌లో 367 మందితో జరిగిన ఒకదానిలో రోజుకు 1,500 మిల్లీగ్రాముల సారం, 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు, పొట్టలో ఇబ్బందులు కూడా తక్కువ. బాగుంది. కానీ ఆ ప్రయోగం నాలుగు వారాలు. పసుపు వల్ల లివర్ దెబ్బ సాధారణంగా బయటపడేది ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య. అంటే ఆ ప్రయోగం ముగిశాకే ఈ జబ్బు మొదలవుతుంది. పైగా, పది వేల మందిలో ఒకరికి వచ్చే ప్రమాదం ఒక్కసారైనా కంటపడుతుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే సుమారు 30 వేల మందిని పరిశీలించాలి. 367 మందిలో కనబడలేదంటే లేదని అర్థం కాదు.

మరో వైపు, 2017లో వైద్య రసాయన శాస్త్రజ్ఞులు కర్క్యుమిన్‌పై వచ్చిన పరిశోధనంతా తిరగేసి కటువైన మాటే చెప్పారు. ఈ అణువు స్థిరంగా ఉండదు, కాంతి పడితే తానే వెలుగుతుంది, దొరికిన ప్రతి ప్రోటీన్‌కూ అంటుకుంటుంది, అందువల్ల ప్రయోగశాల పరీక్షల్లో పనిచేస్తున్నట్టు భ్రమ కలిగిస్తుంది అని. పరీక్షనాళికలో వందల జబ్బులకు ‘పనిచేసిన’ అణువు రోగుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తేలిపోతోందో దీంతో కొంత అర్థమవుతుంది.

మొక్కల మందులంటే నాకు వ్యతిరేకత లేదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ మాచిపత్రి కుటుంబపు మొక్క నుంచి వచ్చిందే. దానితో మలేరియా చికిత్సను మార్చినందుకు చైనా శాస్త్రజ్ఞురాలు టు యుయుకు 2015లో నోబెల్ దక్కింది. గ్రీన్ టీ ఆకు నుంచే తీసిన సినెక్యాటెకిన్స్ లేపనానికి 2006లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఫలానా జబ్బుకు, ఫలానా గాఢతలో, చర్మం పైన మాత్రమే వాడాలని. అదే ఆకు సారాన్ని క్యాప్సూల్‌లో పెట్టి మింగినవారిలోనే ఇంతకు ముందు చెప్పిన లివర్ కేసులు. మొక్క ఒకటే. ఒకదానికి మోతాదు, మార్గం, కాలపరిమితి తేల్చారు, రెండోదానికి తేల్చలేదు.

ఆ తర్వాత

మూడు నెలలకు ఏఎల్‌టీ 28, బిలిరుబిన్ 0.8. ఆరు నెలలకు ఐజీజీ హద్దులోకి వచ్చింది, ఏఎన్‌ఏ నెగెటివ్ అయింది. స్టెరాయిడ్ ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు కాబట్టి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అన్న ప్రశ్న అక్కడితో మూసేశాం. అయినా ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమన్నాం. మోకాళ్లకు తొడ కండరాల వ్యాయామం, పైన రాసే డైక్లోఫెనాక్ జెల్. నొప్పి పూర్తిగా పోలేదు, మెట్లెక్కేటప్పుడు ఉంటూనే ఉంది. కూరల్లో పసుపు మానాలా అని అడిగారు. అవసరం లేదన్నాను. గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్ మాత్రం ఎప్పుడూ ముట్టవద్దని రాసిచ్చాను. కేసు వివరాలు, బ్యాచ్ నంబర్, విశ్లేషణ రిపోర్టు కలిపి మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే వ్యవస్థకు పంపాం. బ్యాచ్ నంబర్ లేని ఫిర్యాదు ఎవరికీ పెద్దగా పనికిరాదు. సీసా పారేయవద్దని రోగులకు చెప్పేది అందుకే.

చివరిసారి వచ్చినప్పుడు వెంట చెల్లెలు కూడా ఉన్నారు. ఆమెకూ మోకాళ్ల నొప్పులే, ఆమె చేతి సంచిలోనూ అదే క్యాప్సూల్. “అక్కకు చేసిన జీన్ పరీక్ష నాకూ చేయించమంటారా డాక్టర్ గారూ?” అని అడిగారు. అక్కకు ఉన్న ప్రతి చెల్లెలికీ వచ్చి ఉండే అవకాశం సుమారు సగం. పరీక్ష చేస్తే ఉందనో లేదనో తెలుస్తుంది, లేకపోయినా ఈ క్యాప్సూల్ వాడుకోండి అని నేను చెప్పబోను. అలాంటప్పుడు పరీక్ష ఎందుకని ఆమెకు వివరించి, క్యాప్సూల్ ఆపించి, లివర్ ఫంక్షన్ టెస్ట్ ఒక్కటి రాశాను. ఏఎల్‌టీ 22 వచ్చింది. ఆరు వారాల తర్వాత ఇంకోసారి చేయించమన్నాను, ఆపాక కూడా కొన్నిసార్లు ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి.